ఒక్కరి పేరున దరఖాస్తు, పదిమంది చేసిన పరిశోధన

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయంలో నా దగ్గర చదువుకుని ఇప్పుడు అమెరికాలో పరిశోధకులుగా ఉన్నవారు కొంతకాలంగా నన్ను ఒకే సహాయం అడుగుతున్నారు. "సార్, ఎన్‌ఐడబ్ల్యూ వేస్తున్నాను, మీ రికమెండేషన్ లెటర్ కావాలి, డ్రాఫ్ట్ జత చేశాను, చూసి సంతకం పెడితే చాలు" అని రాస్తారు. ఎన్‌ఐడబ్ల్యూ అంటే అమెరికాలో శాశ్వత నివాసం, అంటే గ్రీన్‌కార్డ్ కోరుతూ వేసే ఒక రకం దరఖాస్తు. ఆ డ్రాఫ్ట్ తెరిచి చదివితే అందులో నాకు తెలిసిన మనిషి కనిపించడు. వరి ఎండాకు తెగులును ఒంటిచేత్తో జయించినవాడు, భారతదేశపు ఆహార భద్రతను నిలబెట్టినవాడు, తన రంగంలో అత్యున్నత శ్రేణికి చెందిన అతి కొద్దిమందిలో ఒకడు అని ఉంటుంది. నాకు తెలిసిన మనిషి మోకాలి లోతు బురదలో నిలబడి, బాక్టీరియా ద్రావణంలో ముంచిన కత్తెరతో ఆకుల కొసలు కత్తిరించి మొక్కలకు తెగులు అంటించేవాడు. రెండు వారాలు ఆగి, ప్రతి ఆకు మీదా మచ్చ ఎంత దిగిందో స్కేలు పెట్టి కొలిచేవాడు. లెక్క తేడా వస్తే మళ్లీ కొలిచేవాడు. ఓపిక, నిజాయితీ ఉన్న మంచి శాస్త్రవేత్త. ఆ రెండు గుణాలూ డ్రాఫ్ట్‌లో ఎక్కడా ఉండవు.

అలాంటి లేఖ మీద సంతకం చేయడం తప్పని చెప్పడం తేలిక. నేను వాదించదలచింది అంతకంటే ఎక్కువ. అమెరికా చట్టం ఆ అతిశయోక్తిని కోరడం లేదు. పైగా వ్యవసాయ శాస్త్రవేత్త చేతిలో ఉన్న అసలు బలం అతని పని పదిమందితో, ఒక ప్రాంతపు నేలతో, ఒక ప్రాంతపు తెగులుతో ముడిపడి ఉండటమే కాగా, అతిశయోక్తి సరిగ్గా దాన్నే కప్పేస్తుంది.

ముందు నిబంధన ఏమిటో చూద్దాం. ఉద్యోగం ఆధారంగా శాశ్వత నివాసం కోరేవారికి అమెరికాలో ఉన్న తరగతుల్లో రెండవదైన ఈబీ-2, ఉన్నత విద్యార్హత లేదా అసాధారణ ప్రతిభ ఉన్నవారి కోసం ఏర్పడింది. సాధారణంగా ఇందులో యజమాని ముందుకు రావాలి. ఆ ఉద్యోగానికి తగిన అమెరికన్ కార్మికుడు దొరకలేదని అక్కడి కార్మిక శాఖ దగ్గర ధ్రువీకరణ తెచ్చుకోవాలి. ఆ తరువాతే ఐ-140 అనే దరఖాస్తు వేయాలి. అభ్యర్థి చేయబోయే పని దేశానికి మేలు చేసేదైతే యజమాని, ధ్రువీకరణ రెండూ అక్కర్లేదని మినహాయించే వెసులుబాటే నేషనల్ ఇంట్రెస్ట్ వేవర్, మన వాళ్ల నోట ఎన్‌ఐడబ్ల్యూ. పీహెచ్‌డీ తరువాత తాత్కాలికంగా పనిచేసే పోస్ట్‌డాక్టరల్ పరిశోధకులు దీని వైపు మొగ్గడానికి కారణం స్పష్టమే. వాళ్ల ఉద్యోగం గ్రాంటు ఉన్నంతకాలమే ఉంటుంది. అలాంటి తాత్కాలిక పదవికి శాశ్వత నివాసం కోసం దరఖాస్తు వేయడానికి విశ్వవిద్యాలయాలు సాధారణంగా ఒప్పుకోవు. ఇక్కడైతే తన దరఖాస్తు తానే వేసుకోవచ్చు.

ఈ మినహాయింపును ఎలా తూచాలన్న దానికి 1998 నుంచి న్యూయార్క్ రాష్ట్ర రవాణా శాఖ వేసిన ఒక కేసు ప్రమాణంగా ఉండేది. అందులో అభ్యర్థి వంతెనల ఇంజనీరు. ఆ తీర్పు ప్రకారం చేసే మేలు పరిధిలో జాతీయ స్థాయిది కావాలి. 2016 డిసెంబరులో ధనసార్ కేసులో వచ్చిన నిర్ణయం దాన్ని పక్కకు తప్పించి మూడు ప్రశ్నలు పెట్టింది. తలపెట్టిన పనికి గణనీయమైన విలువ, జాతీయ ప్రాముఖ్యం ఉన్నాయా? ఆ పనిని ముందుకు తీసుకెళ్లే స్థితిలో అభ్యర్థి ఉన్నాడా? అన్నీ బేరీజు వేస్తే ఉద్యోగ ప్రతిపాదన, కార్మిక ధ్రువీకరణ వదిలేయడం అమెరికాకు లాభమేనా? ధనసార్ ఏరోస్పేస్ ఇంజనీరింగ్ పరిశోధకుడు, అధ్యాపకుడు కూడా. ఆయన పరిశోధనకు జాతీయ ప్రాముఖ్యం ఉందని ఒప్పుకున్న అధికారులు, ఆయన పాఠాలు చెప్పడం విలువైనదే అయినా ఆ బోధన ప్రభావం విస్తృతంగా ఉంటుందని రుజువు కాలేదన్నారు. మనలో చాలామంది పట్టించుకోని వివరం ఇది. మంచి పని చేస్తున్నాడన్నంత మాత్రాన సరిపోదు. ఆ పని ప్రయోగశాల గోడ దాటి, తరగతి గది దాటి ఎటు పోతుందో చూపించాలి.

అదే నిర్ణయంలో వ్యవసాయ శాస్త్రవేత్తలు గోడకు అంటించుకోవలసిన మాట ఇంకొకటి ఉంది. ప్రాముఖ్యాన్ని భౌగోళిక పరిధితో మాత్రమే కొలవకూడదని, ఒక ప్రాంతానికి పరిమితమైన పనికి కూడా జాతీయ ప్రాముఖ్యం ఉండవచ్చని అది చెప్పింది. సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఈ మాట పెద్దగా అక్కర్లేదు. మనకు మాత్రం ఇదే ప్రాణం, ఎందుకంటే మన శాస్త్రం పుట్టుకతోనే స్థానికం. కరీంనగర్ నేలలో తేలిన ఎరువు మోతాదు మహబూబ్‌నగర్ చెలకలో పనికిరాదు. ఈ స్థానికతను బలహీనతగా ఎంచి దాచిపెట్టడం మన విద్యార్థుల మొదటి పొరపాటు.

పత్తిలో గులాబీ రంగు పురుగు సంగతి చూడండి. పురుగు ఒకటే, రెండు దేశాల్లో కథ రెండు రకాలుగా ముగిసింది. అమెరికా బీటీ పత్తితో, అంటే పురుగును చంపే విషం మొక్కలోనే తయారయ్యేలా జన్యువు చేర్చిన పత్తితో పాటు, పురుగు నిరోధకత పెంచుకోకుండా బీటీ కాని పత్తిని ఆశ్రయ పంటగా వేయించింది, లింగాకర్షక పదార్థాలు వాడింది, వంధ్యత్వం కలిగించిన పురుగులను పెద్ద ఎత్తున వదిలింది. 2018లో అక్కడి వ్యవసాయ శాఖ తమ వాణిజ్య పత్తి ప్రాంతాల నుంచి ఆ పురుగును నిర్మూలించామని ప్రకటించింది. మన దగ్గర 2002లో అనుమతి పొందిన బీటీ పత్తి రెండు జన్యువుల రకం వచ్చాక కూడా ఆ పురుగుకు లొంగిపోయింది. విత్తన ప్యాకెట్టుతో పాటు ఇచ్చిన ఆశ్రయ విత్తనాన్ని చాలా పొలాల్లో నాటనేలేదన్నది ఆదిలాబాద్, వరంగల్ పత్తి చేలలో తిరిగిన ఎవరినడిగినా చెబుతారు. అలాంటప్పుడు నిరోధకత పెంచుకున్న పురుగును పదేళ్లు కళ్లారా చూసి, దాని మీద పనిచేసిన తెలంగాణ కీటక శాస్త్రవేత్తకు అమెరికాలో ఏం పని అని అడిగేవారికి జవాబు దరఖాస్తులోనే ఉంది. పురుగు తిరిగి వస్తే ఎలా వస్తుందో, ఏ లోపం గుండా వస్తుందో తెలిసినవాడు అతనే. కత్తెర పురుగు విషయంలో ఇదే రాకపోక తలకిందులుగా జరిగింది. అమెరికా ఖండాలకు చెందిన ఆ పురుగు 2016లో ఆఫ్రికాలో, 2018లో కర్ణాటక మొక్కజొన్నలో కనిపించి చూస్తుండగానే మన చేలలోకి పాకింది. పురుగుకు వీసా అక్కర్లేదు, దాన్ని ఎరిగినవాడికే కావాలి.

నాకు బాగా తెలిసిన ఉదాహరణ మాత్రం ఎండాకు తెగులే. దానికి కారణమైన బాక్టీరియాను అమెరికా వ్యవసాయ శాఖ తన ప్రత్యేక నియంత్రణ జాబితాలో, అంటే దేశంలోకి వస్తే పంటలకు తీవ్రమైన ముప్పని భావించి అనుమతి లేకుండా ఎవరూ చేతిలో పెట్టుకోరాదని నిషేధించిన సూక్ష్మజీవుల జాబితాలో చేర్చింది. ఆర్కన్సా, లూసియానా రాష్ట్రాల్లో వరి విస్తారంగా పండుతుంది. అక్కడి యువ శాస్త్రవేత్తల్లో చాలామంది మన పొలాల్లోని ఉద్ధృతితో ఈ తెగులు పొలమంతా కమ్ముకోవడాన్ని ఎన్నడూ చూసి ఉండరు, చూడకూడదు కూడా. వానాకాలంలో గాలివాన వచ్చి వెళ్లిన నాలుగో రోజున గట్టు మీద నిలబడి ఇది ఎండాకు తెగులా, పొటాష్ లోపమా, కాండం తొలిచే పురుగు పనా అని చెప్పగల కన్ను రాజేంద్రనగర్ విద్యార్థికి ఉంది. నా దగ్గరికి వచ్చిన ఒక డ్రాఫ్ట్‌లో ఈ సంగతి ఒక్క వాక్యం కూడా లేదు. ఆ విద్యార్థి పత్రాలకు వచ్చిన సైటేషన్ల గురించి, అంటే వాటిని ఇతర పరిశోధకులు ఎన్నిసార్లు ఉదహరించారన్న దాని గురించి రెండు పేజీలున్నాయి. "ఇది ఎందుకు రాయలేదు?" అని ఫోన్‌లో అడిగితే, "అది ఇండియాలో చేసిన పని కదా సార్, లెక్కలోకి రాదనుకున్నాను" అన్నాడు. లెక్కలోకి వచ్చేది అదే, నాయనా, అని చెప్పవలసి వచ్చింది.

ఇక పదిమంది సంగతి. మన శాస్త్రంలో "నేను" అని మొదలయ్యే వాక్యం రాయడం ఎంత కష్టమో సాంబ మసూరి చరిత్ర చూస్తే తెలుస్తుంది. బీపీటీ 5204 అని రైతులు పిలిచే ఆ సన్నరకం బాపట్లలో తయారై 1986లో విడుదలైంది. అన్నం రుచికి దాన్ని మించింది లేదని ఇంటింటా ఒప్పుకున్నా, ఎండాకు తెగులుకు అది ఇట్టే లొంగిపోయేది. ఆ తెగులును తట్టుకునే ఎక్స్ఏ21 జన్యువు ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరిలోది. దాన్ని సాగు వరిలోకి తెచ్చింది ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ. 1995లో దాన్ని విడదీసి చూపించింది కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ ప్రాంగణం. దానితో పాటు మరో రెండు నిరోధక జన్యువులు కలిసిన వంగడం పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. హబ్సిగూడలోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం సీసీఎంబీ, రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ కలిసి, జన్యువు ఉందో లేదో చూపే డీఎన్‌ఏ గుర్తులైన మార్కర్ల సహాయంతో తరం తరువాత తరం సాంబ మసూరితోనే వెనుక సంకరణం చేసి, ఆ మూడు జన్యువులనూ సాంబ మసూరిలోకి చేర్చి, గింజ స్వభావం చెడకుండా మెరుగైన సాంబ మసూరిని 2008లో అందించాయి. దీన్ని ఎవరు కనిపెట్టారని అడిగితే ఏ పేరు చెప్పాలి? నారు పోసిన ఫీల్డ్ అసిస్టెంట్లు, తెగులు తీవ్రంగా వచ్చే కేంద్రాల్లో ప్లాట్లు వేసి లెక్కలు పంపినవాళ్లు, మినీకిట్లు, అంటే చిన్న విత్తన సంచులు తీసుకుని పొలంలో ఒక మూల వేసి చూసిన రైతులు ఏ పత్రంలోనూ మొదటి రచయితలు కారు. 1965 నుంచి ఇక్కడే కేంద్రంగా నడుస్తున్న అఖిల భారత సమన్వయ వరి పథకం పేరులోనే సమన్వయం ఉంది.

దరఖాస్తు మాత్రం ఒక్కరి పేరున ఉంటుంది కదా, అక్కడ "మేము" అంటే చెల్లుతుందా అన్నది సహేతుకమైన ప్రశ్నే. నా సమాధానం ఏమిటంటే, అధికారి అడిగేది నువ్వు ఒంటరిగా చేశావా అని కాదు, ఆ పనిలో నీ భాగం ఏమిటని. ఈ రెంటికీ చాలా దూరం ఉంది. ఈ దరఖాస్తులో రుజువుకు ప్రమాణం కూడా తిరుగులేని సాక్ష్యం కాదు. చెప్పినది నిజం కాకపోవడం కంటే నిజమయ్యే అవకాశమే ఎక్కువని తేలితే చాలు. "ఈ రకాన్ని ఈయనే సృష్టించాడు" అన్న వాక్యాన్ని ఇరవైమంది రచయితలున్న పత్రం పక్కన పెట్టి చూస్తే ఏ అధికారికైనా అనుమానం వస్తుంది. "తెలంగాణలోని ఫలానా జిల్లాల నుంచి ఈయన సేకరించిన బాక్టీరియా నమూనాల్లో ఒక్క జన్యువును ఓడించగలిగినవి ఉన్నాయని తేల్చాడు, అందువల్ల రెండు మూడు జన్యువులు కలిపిన వంగడాలనే తరువాతి పరీక్షలకు ఎంపిక చేశాం" అంటే అనుమానానికి తావు లేదు. పైగా అది నేను తప్ప మరొకరు చెప్పలేని మాట. ఆ విద్యార్థికి నేను గురువును కనుక నా పొగడ్తకు విలువ తక్కువ. అతన్ని ఎన్నడూ కలవకుండా అతని పనిని వాడుకున్న పరాయి శాస్త్రవేత్త లేఖకు విలువ ఎక్కువ. అలాంటప్పుడు నా లేఖ పొగడ్తల్లో ఆ లేఖతో పోటీ పడటం దండగ. ఎవరు ఏం చేశారో దగ్గరుండి చూసిన సాక్షిగా నిలబడటమే నా లేఖకున్న పని. డ్రాఫ్ట్ పక్కన పెట్టి ఆ విధంగానే రాసి పంపాను. న్యాయవాది దగ్గర నుంచి "కొంచెం బలంగా ఉంటే బాగుండేది" అని సందేశం వచ్చిందట. బలం అంటే విశేషణాలు అనుకునే వృత్తి వాళ్లది, ఏం చేస్తాం.

సైటేషన్ల గురించి కూడా ఒక మాట. కృత్రిమ మేధ మీద రాసిన పత్రానికి ఏడాదిలో వచ్చే సైటేషన్లు కంది ఎండు తెగులు మీద రాసిన పత్రానికి ఇరవై ఏళ్లయినా రావు. మన పంట ఏడాదికి ఒకటో రెండో సీజన్లు. ఒక రకం సంకరణం నుంచి విడుదల దాకా రావడానికి ఎనిమిది, పదేళ్లు పట్టడం మామూలు. ఆ తేడాను వివరించకుండా అంకె ఒక్కటీ పెడితే చిన్నగా కనిపిస్తుంది. అందుకని అంకెను ఉబ్బించే దారులు వెతకడం, డబ్బు తీసుకుని పత్రంలో పేరు చేర్చేవారిని, ఒకరి పత్రాన్ని ఒకరు ఉదహరించుకునే ముఠాలను ఆశ్రయించడం ఈ మధ్య ఎక్కువైంది. నేను దీన్ని చిన్న తప్పుగా చూడను. మన పత్రాల ఆధారంగానే సిఫారసు తయారవుతుంది, రైతు ఆ సిఫారసును నమ్మి మందు కొడతాడు. వ్యవసాయంలో పని ఉపయోగపడిందని చూపడానికి వేరే రుజువులు పుష్కలంగా ఉన్నాయి: రకం విడుదల ప్రకటన, బ్రీడర్ విత్తనం, అంటే మూల విత్తనం కావాలంటూ వచ్చిన ఇండెంట్లు, విశ్వవిద్యాలయం ఏటా అచ్చువేసే పంటల సాగు సూచనల్లో చేరిన సిఫారసు, కృషి విజ్ఞాన కేంద్రం వేసిన ప్రదర్శన క్షేత్రాల నివేదిక. ఇవన్నీ సైటేషన్ల కంటే నేరుగా మాట్లాడతాయి.

ప్రజల సొమ్ముతో చదివి పరాయి దేశానికి పోయేవాడికి మీరు లేఖ రాయడమేమిటని నన్ను నిలదీసే మిత్రులు ఉన్నారు. వారి బాధను నేను కొట్టిపారేయను. ఖాళీ పోస్టులు ఏళ్ల తరబడి నింపకుండా కాంట్రాక్టు మీద నడిపించే చోట, ఉన్నవాళ్లు కూడా వెళ్లిపోతుంటే బాధ కలగకుండా ఎలా ఉంటుంది? కానీ నింద విద్యార్థి మీద కంటే ఆ ఖాళీల మీద పెట్టాలి. అంతేగాక రాజేంద్రనగర్ ప్రాంగణమే ఈ రాకపోకలతో పుట్టింది. 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు, అమెరికా ల్యాండ్ గ్రాంట్ కళాశాలల పద్ధతిలో బోధన, పరిశోధన, విస్తరణ మూడింటినీ ఒకే కప్పు కిందికి తెచ్చే నమూనాను కాన్సస్ స్టేట్ విశ్వవిద్యాలయం సహకారంతో తీసుకున్నాం. అక్కడి ఆచార్యులు ఇక్కడికి వచ్చారు, ఇక్కడివాళ్లు అక్కడికి వెళ్లి చదివి వచ్చారు. పటాన్‌చెరులో 1972 నుంచి ఉన్న అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో ఎన్ని దేశాల వాళ్లు పనిచేశారో చెప్పనక్కర్లేదు. జ్ఞానం ఇటు వస్తే సహకారం, అటు పోతే ద్రోహం అనే లెక్క నాకు ఒప్పదు.

వెళ్లేవాళ్లను నేను హెచ్చరించేది మరో విషయంలో. ఐ-140 ఆమోదం వచ్చిన రోజున అమ్మానాన్నలు కాలనీ అంతటా "మావాడికి గ్రీన్‌కార్డ్ వచ్చింది" అని మిఠాయిలు పంచుతారు. రాలేదు. వచ్చింది వరుసలో ఒక తేదీ మాత్రమే, దాన్ని ప్రయారిటీ డేట్ అంటారు. ఉద్యోగ ఆధారిత వలసలకు ఏటా సుమారు 1,40,000 వీసాలు, అందులో ఈబీ-2కి 28.6 శాతం, ఒక దేశంలో పుట్టినవారికి మొత్తంలో సుమారు 7 శాతానికి మించకూడదన్న పరిమితి. ఈ మూడూ కలిసి భారతీయుల వరుసను ఏళ్ల తరబడి సాగదీశాయి. వరుస ఏ తేదీ దాకా వచ్చిందో నెలనెలా చెప్పే వీసా బులెటిన్ 2025 సంవత్సరంలో 2012 చివర, 2013 మొదటి సగం తేదీల దగ్గర కదులుతూ ఉండేది. అంటే అప్పుడెప్పుడో దరఖాస్తు వేసినవారు 2025లో కార్డు అందుకున్నారు. చిలుకూరు బాలాజీకి కోరిక తీరాక 108 ప్రదక్షిణలు చేస్తామని మొక్కుకునేవాళ్లు ఏ కాగితం రాగానే మొక్కు తీర్చుకోవాలో ముందే తేల్చుకోవడం మంచిది.

ఆమోదం వల్ల ఒరిగేదేమీ లేదని కాదు. అది చేతిలో ఉంటే తాత్కాలిక ఉద్యోగ వీసా అయిన హెచ్-1బీని ఆరేళ్ల పరిమితి దాటి పొడిగించుకోవచ్చు. ఆ వీసాదారు కుటుంబానికిచ్చే హెచ్-4 మీద ఉన్న జీవిత భాగస్వామికి 2015 నుంచి పని అనుమతి కోరే వీలుంది. ఉద్యోగం మారినా ఆ ప్రయారిటీ డేట్ సాధారణంగా వెంట వస్తుంది. కానీ వరుసలో నిలబడగా పిల్లలకు 21 ఏళ్లు నిండితే వాళ్లు తల్లిదండ్రుల దరఖాస్తు నుంచి జారిపోయే ప్రమాదం ఉంది, కొంత ఊరటనిచ్చే లెక్క చట్టంలో ఉన్నా అది అందరినీ కాపాడదు. ముప్పై రెండేళ్ల పోస్ట్‌డాక్‌కు ఈ సంగతి దూరపు మాటగా వినిపిస్తుంది. సందర్శక పరిశోధకులకిచ్చే జె-1 వీసా మీద వెళ్లినవారు, ముందు రెండేళ్లు స్వదేశంలో ఉండి రావాలన్న నియమం తమకు వర్తిస్తుందో లేదో విడిగా చూసుకోవాలి. 2024 డిసెంబరులో ఆ నియమానికి ఒక ఆధారమైన నైపుణ్యాల జాబితా నుంచి భారతదేశాన్ని తొలగించడంతో చాలామందికి ఆ ముడి విడిపోయింది గానీ, ప్రభుత్వ నిధులతో వెళ్లినవారికి అది అలాగే ఉంటుంది.

ప్రస్తుతం ఇక్కడ ఎంఎస్సీ, పీహెచ్‌డీ చేస్తున్నవారు వెళ్లాలనుకున్నా ఉండిపోవాలనుకున్నా, చేస్తున్న పనికి కాగితాలు ఇప్పుడే సమకూర్చుకోవాలి. బహుళ ప్రాంతాల పరీక్షల వార్షిక నివేదికలో మీ ఎంట్రీ నంబరు ఉన్న పేజీ, మీరు స్వయంగా సేకరించిన నమూనాల రిజిస్టరు నకలు, మీ సిఫారసు సాగు సూచనల్లో చేరిన సంవత్సరపు పుస్తకం, పొలం ఇచ్చిన రైతు సంతకంతో ప్రదర్శన క్షేత్రపు వివరాలు తీసి పెట్టుకోండి. గైడ్ పదవీ విరమణ చేశాక, స్టేషన్‌లోని పాత బీరువా మరో గదికి మారాక వీటిని వెతికి పంపేవారు ఉండరు. ఆ కాగితాలతో పాటు, పరీక్షలో పాల్గొన్న ప్రతి ఒక్కరి పేరు, వారు చేసిన పని ఒక వరుసగా రాసి గైడ్ చేత అప్పుడే సంతకం చేయించుకోండి. ఆ జాబితా మీ దగ్గర ఉంటే, లేఖ రాయమని నన్ను అడిగినప్పుడు డ్రాఫ్ట్ జత చేయనక్కర్లేదు.